ఎండమావి మాగాణి

"తుంగచాప వెయ్యమన్నానా లేదా అత్తా?"

"ఇంట్లో ఈతచాప ఉండగా పక్కింటివాళ్లు వదిలేసి పోయిన చాప మనకెందుకు పిల్లా?"

"ఈతచాప అంచు ఊడిపోయింది. వచ్చేది రాజుగారి మనిషి."

"అయితే ఏం? రాజుగారి మనిషి మాత్రం దేనిమీద కూర్చుంటాడు? మనం కూర్చునేదాని మీదే కదా."

వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్న శరభకేతు చెంబు చప్పుడు కాకుండా కింద పెట్టి ఆగిపోయాడు. లోపలికి అడుగుపెడితే ఇద్దరిలో ఎవరో ఒకరి పరువు పోతుంది. అడవుల్లో పులులను తప్పించుకుని వచ్చినవాడికి అత్తాకోడళ్ల మధ్యకు పోవడానికి మాత్రం ధైర్యం చాలలేదు. అరుగు మీద కూర్చున్న ఇంటి యజమాని కొండయ తనకేమీ వినబడనట్టు ఎద్దు మెడతాడు ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూ ఉన్నాడు.

"రోజూ ఇంతేనా?" అని మెల్లగా అడిగాడు శరభకేతు.

"చాప దొరకని రోజు చేట గురించి అయ్యగారూ," అన్నాడు కొండయ.

చివరికి రెండు చాపలూ పరిచారు. ఈతచాప మీద తుంగచాప వేశారు. కొండయ తల్లి సుంకమ్మ పైచాప అంచు కాస్త మడిచి, కింద తమ చాప కనబడేలా చేసి, "కూర్చో నాయనా" అంది. భార్య గవరమ్మ ఆ మడత సరిచేసి లోపలికి వెళ్లింది.

ఆ ఇంటివాళ్ల కంటికి శరభకేతు తరందారు. అంటే, నేల ఏ తరానిదో చూసి దానికి ఎంత శిస్తు కట్టాలో తేల్చే రాజోద్యోగి. నిజానికి అతడు రత్నశైల రాజ్యానికి రెండో రాజకుమారుడు. అతని అన్న సోమకేతు మహారాజు నిండు కొలువులో సింహాసనం మీద కూర్చుని ఉండగానే, కాలకంబళి అనే మాంత్రికుడి శాపం తగిలి నిద్రలోకి జారిపోయాడు. ఆ నిద్ర ఒక్కటే అయితే బాధ లేదు. పాదాల నుంచి పైకి అతని ఒళ్లు రాయిగా మారుతూ ఉంది. దేవగుహలోని ముని ఒకరు దానికి విరుగుడు చెప్పారు: "నీళ్లు కనబడి దాహం తీరని చోట, నేల కింద చంద్రశిల ఉంది. దాన్ని నీ అన్న కనురెప్పలకు తాకించు." ఆ చోటు వెతుక్కుంటూ బయలుదేరిన శరభకేతుకి, నిన్న పొద్దున అడవి దాటుతుండగా ఒక మద్దిచెట్టు మొదట్లో మూలుగు వినిపించింది. చూస్తే ఒక ముసలాయనను తీగలు చెట్టుకు బిగించి నలిపేస్తున్నాయి. కత్తితో ఒక తీగ తెంపితే రెండు తీగలు మొలిచాయి. రెండు తెంపితే నాలుగు మొలిచి శరభకేతు మెడకే చుట్టుకున్నాయి. అతడు తీగలను వదిలేసి నేలకు జారి, అడుగున ముద్దగా కదులుతున్న దుంపలో కత్తి దించాడు. దుంప కీచుమని అరిచి, గబ్బిలమై ఎగిరిపోయింది.

ఆ ముసలాయన అసలు తరందారు విరూపన్న. రాళ్లమిట్ట అనే ఊళ్లో తరం కట్టడానికి బయలుదేరి ఇలా చిక్కుకున్నాడు. ఆయన కాలు విరిగింది. పశువుల కాపరుల గుడిసెలో ఆయనను పడుకోబెట్టాక, ఆయన తన కొలతతాడు, ఉద్యోగానికి గుర్తైన రాగిబిళ్ల శరభకేతు చేతిలో పెట్టాడు.

"ఆ ఊళ్లో ఒక్క సంసారమే మిగిలింది నాయనా. ఇవాళో రేపో ఎవరో ఒకరు తరం చెప్పకపోతే పాత తరమే ఖాయమై వాళ్లూ వెళ్లిపోతారు. నా బదులు నువ్వు పో. పద్ధతి చెబుతాను, విను. నేలను అమ్మితే ఎంత వస్తుందన్నది మనకు అక్కర్లేదు. దానికింద ఏ నిధి ఉందన్నదీ అక్కర్లేదు. మామూలు ఏడాదిలో మామూలు మనిషి దున్నితే ఏం పండుతుంది? అది చూడాలి. మట్టి చూడు, లోతు చూడు, నీరు ఎటునుంచి వస్తుందో చూడు. గట్టు మీద నుంచే చూడు. తరందారు కాలు పైరులో పడకూడదు. చూశాక, ఆ నేల పంటతో వండిన అన్నం ఆ ఇంటివాళ్ల పంక్తిలో కూర్చుని తిను. విస్తరి ముందు నుంచి లేచేలోగా తరం చెప్పు. లేచాక చెప్పింది చెల్లదు."

ఈ పద్ధతి పూర్వం ఏలిన ఒక రాణి పెట్టింది. శిస్తు వేసేవాడు, ఆ శిస్తు వల్ల ఎవరి ముద్ద చిన్నదవుతుందో వాళ్ల ముఖం చూస్తూ వేయాలని ఆమె ఉద్దేశం.

"చెప్పిన తరానికి ఎవరైనా అడ్డం చెబితే?" అని అడిగాడు శరభకేతు.

"చెప్పినవాడే ఒక పంటకాలం ఆ నేల దున్ని రుజువు చెయ్యాలి. పంట చేతికొచ్చేదాకా ఊరి పొలిమేర దాటకూడదు. దాటితే అడ్డం చెప్పినవాడి మాటే నిలుస్తుంది. అయితే అలా దున్నినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు. ఎవరైనా గొంతెత్తగానే మేం తరం మార్చేసేవాళ్లం."

రాళ్లమిట్టకు వచ్చే దారిలో శరభకేతు చూసింది ఇది: పాడుబడ్డ ఇళ్లు, దున్నేవాడు లేని చేలు, ప్రతి చేలోనూ మనిషి లోతున తవ్వి వదిలేసిన గోతులు. కొండయ చేను ఒక్కటే గొయ్యి లేకుండా ఉంది.

*

చాపల మీద కాసేపు కూర్చుని మజ్జిగ తాగాక, ఎండ నడినెత్తికి వచ్చే వేళకు కొండయ అతన్ని చేను చూపించడానికి తీసుకెళ్లాడు. వెనకాల బోడెద్దు, తాడు పట్టుకోకపోయినా, తన పాటికి తాను వస్తోంది.

గట్టు ఎక్కిన శరభకేతు నిలువునా ఆగిపోయాడు.

కనుచూపు మేర పచ్చటి వరిచేను. గాలి వీచినప్పుడల్లా ఆ పచ్చదనం చిలక రెక్కలా ఒక వన్నె నుంచి మరో వన్నెకు మారుతోంది. వెండి మొలనూళ్లలా కాలువలు చేను నడుముకు చుట్టుకుని పారుతున్నాయి. కాలువల మలుపుల్లో ఎర్రతామరలు, తామరాకుల మీద దొర్లే నీటిముత్యాలు. తెల్లకొంగలు ఒంటికాలి మీద నిలబడి తమ నీడలను తామే చూసుకుంటున్నాయి. గింజ బరువుకు కంకులు వంగి, కొత్త పెళ్లికూతుళ్ల వరసలా తలలు దించుకుని ఉన్నాయి. తడిమట్టి వాసన కూడా గుప్పుమంది.

"కనబడుతోందా అయ్యగారూ?" అన్నాడు కొండయ.

"ఏమిటి?"

"అదే. వచ్చిన ప్రతి అయ్యగారికీ కనబడుతుంది. ఊళ్లోవాళ్లకు మాత్రం రాళ్లే కనబడతాయి. ముందు ఒకాయన వచ్చి ఇక్కడే నిలబడి, ఆహా అన్నాడు. ఆ తర్వాత ఇంకొకాయన వచ్చి ఆహా అన్నాడు. మాగాణి, మొదటి తరం అని కట్టేసి పోయారు. మెట్టచేలకు మాగాణి శిస్తు ఎక్కడినుంచి తెచ్చి కడతారు? ఒక్కొక్కళ్లూ వదిలేసి పోయారు."

"నీళ్లు లేవని వాళ్లకు చెప్పలేదా?"

"చెప్పాం. నాది మంచి నేల, ఎక్కువ శిస్తు వెయ్యండి అన్న రైతును ఎక్కడైనా చూశావా అని నవ్వారు."

శరభకేతు ఒక్క క్షణం ఆలోచించాడు. కన్ను మోసపోయినా నాలుక ఉంది కదా. ఆ రాణి అందుకే కదా పంక్తిలో కూర్చోమంది.

"మరి భోజనం మాటేమిటి? ఈ చేలో పండేది వాళ్లకు వండి పెట్టారు కదా. ఏం పండుతుంది ఇక్కడ?"

"కొర్రలు, ఉలవలు."

"కొర్రన్నం తిన్నాక కూడా మాగాణి అన్నారా?"

కొండయ తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ఎద్దు వైపు చూశాడు. తర్వాత ఆకాశం వైపు చూశాడు.

"రాజుగారి మనిషి ఇంటికొస్తే కొర్రన్నం ఎలా పెడతామయ్యా? మేకను ఇచ్చి దిగువూరి నుంచి సన్నబియ్యం తెచ్చాం."

"ఊరంతా అంతేనా?"

"ఊరంతా అంతే. వాళ్లు పెట్టి మేం పెట్టకపోతే బావుంటుందా?"

"ఇవాళ?"

"ఇవాళ కూడా తెచ్చాం. గవర కడిగి నానబెట్టింది."

శరభకేతుకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. "కొండయా, నోటితో మెట్ట అని చెప్పారు. విస్తట్లో మాగాణి అని వడ్డించారు. వాళ్లు దేన్ని నమ్మాలి?"

కొండయ గట్టు మీద చతికిలబడ్డాడు. ఊరు ఊరంతా ఖాళీ అయిన కారణం అతని ముఖం మీదకు మెల్లగా వచ్చి కూర్చుంది.

"ఆ బియ్యం పక్కన పెట్టి కొర్రలు వండమని ఇంట్లో చెప్పిరా," అన్నాడు శరభకేతు.

"అమ్మ సంబరపడుతుంది. గవర నాతో మాట్లాడదు," అంటూ కొండయ ఇంటివైపు నడిచాడు.

*

గట్టు మీద ఒక్కడే మిగిలాక శరభకేతు చెప్పులు విడిచాడు. తరందారు కాలు పైరులో పడకూడదు. అయితే అది పైరు ఉంటే కదా. ఇన్నాళ్లూ వచ్చినవాళ్లంతా నియమం పాటించి గట్టు మీదే నిలబడ్డారు. ఈ కనికట్టు కట్టినవాడికి కావలసింది కూడా అదే. అతడు చేలోకి దిగాడు.

చల్లటి నీరు పాదాలను తాకింది. రెండో అడుగుకు మోకాలి దాకా వచ్చింది, మూడో అడుగుకు నడుము దాటింది. వెనక్కి తిరిగితే గట్టు లేదు. నాలుగు వైపులా నీరే. ఎర్రతామరల కాడలు పాములై లేచి చీలమండలకు చుట్టుకుని కిందికి లాగాయి. శరభకేతు దట్టీలోంచి చురకత్తి లాగి నరికాడు. తెగిన పాము రెండు పాములై ఈదుకుంటూ పోయింది. నీరు గడ్డం దాకా వచ్చి, కళ్లు దాటి, తల మీదుగా మూసుకుపోయింది. అడుగున పాకుడు పట్టిన గుమ్మడికాయలాంటి ముఖమొకటి నోరు తెరిచి అతని వైపే వస్తోంది. ఊపిరి బిగబట్టాడు. ఛాతీ పగిలిపోతోంది. చెవుల్లో డప్పులు మోగుతున్నాయి.

ఎక్కడో చాలా దూరం నుంచి మర్యాదగా ఒక గొంతు వినిపించింది. "అయ్యగారూ, ఏమైనా పడిపోయిందా? వెతకమంటారా?"

అది తిరిగొచ్చిన కొండయ గొంతు. అతనికి కనబడుతున్నది ఒకటే: రాజుగారి మనిషి ఎండలో, ఉలవతీగల మధ్య బోర్లా పడి చేతులూ కాళ్లూ ఆడిస్తున్నాడు. జవాబు రాకపోయేసరికి కొండయ ఎద్దును అదిలించి చేలోకి దిగాడు.

నీటి అడుగున కళ్లు తెరిచి చూస్తున్న శరభకేతుకి ముందు నాలుగు కాళ్లు కనబడ్డాయి. బోడెద్దు కాళ్లు. అవి తాపీగా నడిచి వస్తున్నాయి. ఒక్కో గిట్ట నేలకు తగిలినప్పుడల్లా ఎర్రటి దుమ్ము లేస్తోంది. ఆ దుమ్ము పైకి తేలి, గాలిలో తేలినట్టే తేలి, మళ్లీ నేలమీద వాలుతోంది.

నీళ్లలో దుమ్ము లేవదు. శరభకేతు నోరు తెరిచి ఊపిరి పీల్చాడు.

గొంతు నిండా వచ్చింది నీరు కాదు, దుమ్ము. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. ఆ దగ్గుకు వరిచేను, కాలువలు, తామరలు, కొంగలు పాతచీర చిరిగినట్టు బర్రున చిరిగిపోయాయి. చుట్టూ ఎర్రటి గరపనేల, కొర్రకోతల మొదళ్లు, వాడిన ఉలవతీగలు. చురకత్తితో నేలను గీస్తే జానెడు లోతు దిగకముందే రాయి తగిలి ఖంగుమంది.

ఆ రాతి పగుల్లోంచి, వెన్నెలను పిండి పోసినట్టు ఒక నీలికాంతి సన్నగా పైకి వస్తోంది. నీళ్లు కనబడి దాహం తీరని చోటు ఇదే. శరభకేతు పగుల్లోకి వేళ్లు పోనిచ్చాడు. కాంతి గభాలున లోతుకు దిగిపోయింది. వేళ్లు తీస్తే మళ్లీ పైకొచ్చింది.

"ఎద్దును నీడలో కట్టు కొండయా, నేను మట్టి చూసి వస్తాను," అని అతన్ని పంపేశాడు.

కొండయ అలా వెళ్లాడో లేదో, పక్క చేలోని గోతిలోంచి నల్ల కంబళి ఒకటి పొగలా లేచి, మనిషిలా నిలబడింది. కంబళి అంచు కింద రెండు కళ్లు, ఆరిపోయే ముందు నిప్పుల్లా ఉన్నాయి.

"అది అందదు కుమారా," అన్నాడు కాలకంబళి. "దున్నేవాడు ఉన్నంతకాలం నేల తన కడుపులోది ఎవరికీ ఇవ్వదు. ఆ దున్నేవాడికి కూడా ఇవ్వదు. వదిలేసి బీడుపడిన నేలే ఇస్తుంది. అందుకే కదా ఊరంతా బీడు పెట్టించి తవ్వాను. ఇక మిగిలింది ఇదొక్కటే."

"నా అన్నను రాయి చేసింది చాలలేదా?"

"నీ అన్నను లేపే ఉపాయమే చెబుతున్నాను. ఇవాళ పంక్తిలో మాగాణి, మొదటి తరం అను. అంతే. ఆ మాట నీకు ముందే ఇద్దరు అన్నారు. ఈ సంసారం మూట కట్టుకుని పోతుంది. నేల బీడుపడుతుంది. శిలలో సగం నీకు, సగం నాకు. సగంతో నీ అన్న కళ్లు తెరుస్తాడు."

"మెట్ట అంటే?"

"గుమ్మంలోకి వచ్చి అడ్డం చెబుతాను. నువ్వు నాగలి పట్టాలి. పొలిమేర దాటకూడదు. ఇవాళ పొద్దుటికి సోమకేతు మోకాళ్లు రాయయ్యాయి. కొర్ర కంకి వేసే వేళకు ఎక్కడిదాకా వస్తుందో నువ్వే ఆలోచించుకో."

శరభకేతు చురకత్తి విసిరాడు. అది కంబళిలోంచి దూసుకుపోయి అవతల రాతికి తగిలింది. కంబళి తనలో తానే మడతలు పడి, చిటికెడు బూడిదై గాలికి పోయింది.

*

పొద్దు వాలుతుండగా అందరూ వంటింటి ముందు పంచలో కూర్చున్నారు. మొదట సుంకమ్మ, ఆమె పక్కన కొండయ, అతని ఒళ్లోకి ఎక్కబోతున్న నాలుగేళ్ల కూతురు రామక్క, చివర శరభకేతు. గవరమ్మ వడ్డించి తానూ కూర్చుంది. పంక్తిలో ఇంటివాళ్లు ఒక్కరు తక్కువైనా చెప్పిన తరం చెల్లదు. మోదుగాకు విస్తళ్లలో కొర్రన్నం పొగలు కక్కుతోంది. పక్కన ఉలవచారు, నువ్వులపొడి.

"బియ్యమైతే ఇలా పొడిపొడిగా ఉండేది కాదు," అంది గవరమ్మ ఎవరి ముఖమూ చూడకుండా.

"ఇలా ఉండడమే నాకు కావాలమ్మా," అన్నాడు శరభకేతు.

"ఈయన కూడా రాత్రికి ఉండకుండా వెళ్లిపోతాడా నాన్నా?" అంది రామక్క.

"తింటున్నాడు కదే."

"వాళ్లూ తిన్నారు. తిని వెళ్లిపోయారు. తర్వాత పెద్దమ్మా వాళ్లు వెళ్లిపోయారు. ఇప్పుడు మనమా?"

కొండయ కలిపిన ముద్ద చేతిలోనే ఉంది. సుంకమ్మ మాత్రం నింపాదిగా నములుతూ, "తింటూ చెప్పు నాయనా. అన్నం చల్లారితే తరమూ బావుండదు, అన్నమూ బావుండదు," అంది.

శరభకేతు ముద్ద మింగి, నిటారుగా కూర్చుని చెప్పాడు.

"నేను చేలోకి దిగి చూశాను. ఎర్ర గరపనేల. జానెడు లోపే రాయి. వాన తప్ప నీరు లేదు. పండేది కొర్ర, ఉలవ. ఇది మెట్ట, ఆఖరి తరం. ఇంతకుముందు కట్టిన మాగాణి తరం కొట్టేశాను."

గుమ్మంలో ఎవరిదో నీడ పడింది. నల్ల కంబళి కప్పుకున్న పెద్దమనిషి ఒకడు గడప అవతల నిలబడి ఉన్నాడు.

"నేను ఒప్పుకోను," అన్నాడు. "ఈ నేల మాగాణి. కాదంటే, చెప్పినవాడు దున్ని చూపించాలి."

గవరమ్మ తల దించుకుంది. తరం పైకి పోవడం ఆ ఇంటికి కొత్త కాదు. ఇప్పుడు ఈయన గొంతు సర్దుకుంటాడు, ఒక మెట్టు పైకి వేస్తాడు, చెయ్యి కడుక్కుని వచ్చిన దారి పడతాడు. గడప అవతల మనిషి కూడా దానికోసమే కాచుకుని ఉన్నాడు.

"నీ అన్న సంగతి చూసుకో తరందారూ," అన్నాడతడు మెత్తగా.

"మా అన్న కళ్లు తెరిస్తే మొదట అడిగేది, ఎవరి నేల ఖాళీ చేయించి నన్ను లేపావు అని. దానికి నా దగ్గర జవాబు లేకపోతే ఆయన మళ్లీ కళ్లు మూసుకుంటాడు." శరభకేతు రాగిబిళ్ల తీసి విస్తరి పక్కన పెట్టాడు. "ఇంటివాళ్లంతా వినండి. రేపటి నుంచి ఈ చేలో నాగలి నాది. పంట చేతికి వచ్చేదాకా రాళ్లమిట్ట పొలిమేర దాటను. అప్పటిదాకా ఈ సంసారాన్ని ఈ నేల మీద నుంచి ఎవరూ కదపలేరు. అన్నను లేపే దారి ఇక్కడ ఉంటూనే వెతుక్కుంటాను."

గడప అవతల కంబళి ఒక్కసారి ఎండుటాకులా గలగలలాడింది. దాని కింద కళ్లు శరభకేతును కాసేపు తేరిపార చూశాయి. ఈ మాట అవి ఎదురుచూసింది కాదు. తర్వాత నీడ గుమ్మంలోంచి జారి, చేలవైపు పోయింది.

పంచలో రామక్క ఉలవచారు జుర్రుతోంది. కొండయ చేతిలో ముద్ద ఇంకా అలాగే ఉంది.

"ఎప్పుడైనా నాగలి పట్టావా నాయనా?" అని అడిగింది సుంకమ్మ.

"లేదమ్మా. కత్తి పట్టాను."

సుంకమ్మ అతని అరచేతిని తన వైపు తిప్పి చూసి, వదిలేసింది.

"గవరీ, ఈయనకు ఇంకో రెండు ముద్దలు పెట్టు. పొద్దున ఎద్దు కంటే ముందు లేవాలి."